పదిల రెండు

సివియర్ హెడ్ ఇంజురీ అన్నది డాక్టరమ్మ, అనేసి గాజు తలుపు తోసుకుని లోపలికి పోయింది, ఆ తలుపు ఇంకా ఊగుతనే ఉన్నది, సరిత దాని దిక్కే చూస్తున్నది. ఏమన్నది బిడ్డా అని పక్క కుర్చీలకెల్లి నాయిన అడిగిండు. పెద్ద డాక్టరు వస్తున్నడట నాయినా, మియాపూర్ కాడ రాస్తారోకోల ఆయన కారు ఆగిపోయిందట, గంట పట్టొచ్చట, రాంగనే శివకు ఆపరేషన్ చేస్తరట అని చెప్పింది. అది అబద్ధం కాదు, డాక్టరమ్మ ఆ మాటా అన్నది. దానికి ముందు అన్న మాటనే సరిత మింగింది. మింగక ఏం చేస్తది, ఐదేండ్ల నుంచి ఆ మాటను రోజుకు ముప్పై సార్లు టైపు కొడుతున్న మనిషి, మాదాపూర్ల అద్దాల బిల్డింగు నాలుగో అంతస్తుల చెవులకు ఇయర్ ఫోన్లు పెట్టుకుని, కాలి కింద పెడల్ తొక్కుకుంట, అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి గొణిగిందంతా కాగితం మీదికి ఎక్కించే మనిషి. సివియర్ కడుపునొప్పి, సివియర్ నడుమునొప్పి, సివియర్ ఆయాసం. ఎవలో, ఏ ఊరోళ్ళో, ముఖాలు కూడ తెల్వదు. ఆ మాట మొత్తం ఎడమచేతి వేళ్ళతోనే అయిపోతది, కుడిచేతికి పనే ఉండదు, అంత అలవాటు. ఇయ్యాల అదే మాట తమ్ముని మీద పడ్డది, దాన్ని తెలుగుల ఏమని చెప్పాలె, నాయినకు ఎట్ల చెప్పాలె.

కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగినయి, లోపట శివకు పెట్టిన మిషన్లు ఏమైతయో అని సరిత లేవబోయింది, అంతల జనరేటరు మొదలైంది, మళ్ళ కూసున్నది. సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తున్నది, బస్సులు లేవు, బడులు లేవు, బొగ్గు గనులోళ్ళు పని బందు పెట్టిన్రు గనుక కరెంటు ఎప్పుడు పోతదో తెల్వదు. లింగంపల్లి నుంచి మదీనాగూడల ఉన్న ఈ దవాఖానకు ఎంత దూరం, అయినా ఆటో దొరికేసరికి అరగంట పోయింది. అమ్మ కొమురమ్మ బస్సులు బందు కాకముందు తల్లిగారింటికి పోయి అక్కడనే చిక్కుకపోయింది, ఆమెకు ఫోన్ల ఏమని చెప్పాలె, రమ్మంటే ఎట్ల వస్తది, వద్దంటే ఎట్ల ఊకుంటది. గోడ మీది టీవీ మళ్ళ వెలిగింది, కింద ఎర్ర పట్టీల అక్షరాలు ఉరుకుతున్నయి, ఉద్యమం తీవ్రతరం, గేట్ల వద్ద తీవ్ర ఉద్రిక్తత, తీవ్రంగా ఖండించిన సంఘాలు. అన్నీ తీవ్రమే, వీళ్ళకు ఇంకో మాట దొరకదా. ఇంట్ల ఎవలన్న తీవ్రమైన నొప్పి అంటరా, మస్తు నొస్తుంది అంటరు, జర నొస్తుంది అంటరు. శివకైతే ఎన్నడు జర దాటలేదు. ఏడేండ్లప్పుడు గోడ మీదికెల్లి పడి చెయ్యి విరిగితే కూడ జర నొస్తుందక్కా అన్నడు, ఎముక వంకర కనబడుతుంటే కూడ. వాని జర ఎంత నమ్మేదో తెల్సి కూడ, తెల్సి కూడ అనుకున్నది సరిత, ఆడ ఆగిపోయింది, ముందుకు పోబుద్ధి కాలేదు.

నాయిన యాదయ్య సరిత కంపెనీ గేటు కాడి డ్యూటీ నుంచి సీదా వచ్చిండు, నీలం అంగీ, భుజం మీద సెక్యూరిటీ ఏజెన్సీ పట్టీ, టోపీ ఒళ్ళె పెట్టుకున్నడు. ఆయన కూసున్నా నిలబడ్డట్టే ఉంటది, వీపు కుర్చీకి ఆనదు. పిల్లలతోని నవ్విన పాపాన పోలేదు. సరిత పదోతరగతి ఫస్టు క్లాసుల పాసైతే ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, లెక్కలల్ల తక్కువొచ్చినయి గదా అన్నడు. సివియర్ మనిషి. ఈ మాట ముందు మనుషులకే అన్నరు అని చలపతిరావు సారు చెప్పిండు గదా. సారు గుడివాడ దిక్కు కాలేజీల ఇంగ్లీషు లెక్చరరు చేసి రిటైరై, కంపెనీల వీళ్ళ తప్పులు దిద్దే పనికి చేరిండు, పెరుగన్నం డబ్బా కడుక్కుని వచ్చి మాటల పుట్టుక చెప్పుడు ఆయనకొక పిచ్చి. మైల్డ్, మోడరేట్, సివియర్ అని డాక్టర్లు మూడు మెట్లు కట్టుకున్నారు గానీ, ఈ మూడోది రోగం కోసం పుట్టిన మాట కాదమ్మా సరితా, లాటిన్‌లో సెవెరుస్ అంటే మొహాన నవ్వు లేనివాడు, తప్పు చేస్తే సొంతవాణ్ణయినా వదలనివాడు. ఇంగ్లీషువాళ్ళు కూడా అయిదొందలేళ్ళ కిందట ఆ మాట తెచ్చుకుని మనుషులకే వాడారండీ, కోర్టులో జడ్జికి, బడిలో పంతులికి. ఆ తర్వాత చలికాలానికి అంటించారు, నొప్పికీ జబ్బుకీ అంటింది ఇంకా తర్వాత. మరి ఆ లాటిన్ మాట ఎక్కడిది సార్ అంటే సారు చేతులు తుడుచుకుంట నవ్విండు, దయ లేకుండా అని విడగొట్టిన వాళ్ళున్నారు, కాదు, గట్టిగా పట్టి ఉంచడం అనే ధాతువు నుంచి వచ్చిందన్న వాళ్ళున్నారు, ఈ రెండోదే నిజం కావచ్చంటారు, తేల్చి చెప్పినవాడు లేడు అన్నడు.

దయ లేకనా, గట్టిగ పట్టుకునుడు నుంచా. సరిత నాయిన చెయ్యి దిక్కు చూసింది, టోపీ అంచును పట్టుకున్న చెయ్యి. ఒకసారి లింగంపల్లి స్టేషన్ల కదిలిన రైలు ఎక్కబోయి ఆమె కాలు జారితే ఈ చెయ్యే మణికట్టు పట్టుకుని ఇవతలకు గుంజింది, వారం రోజులు నీలం మచ్చ పోలేదు, గుంజినంక చెంప మీద ఒకటి కొట్టింది కూడ ఈ చెయ్యే. మళ్ళ ఆ రోజంతా బువ్వ తినలేదు ఆయన. గసొంటి మనిషికి దయ ఉన్నట్టా లేనట్టా, చలపతిరావు సారును అడిగితే ఏ పుస్తకంల చూసి చెప్తడు. సారు కూడ ఈ నడుమ మాటలు చెప్పుడు తగ్గించిండు, మీరు వెళ్ళిపొమ్మంటే మేం వెళ్ళిపోవాలా అని మొన్న ఎవరితోనో అంటుంటే సరిత వినబడనట్టు పోయింది. అందరు ఏదో ఒకటి వినబడనట్టే పోతున్నరు ఆ బిల్డింగుల.

మంగళవారం పొద్దున కూడ అంతే. గేటు కాడికి రెండు వందల మంది పోరగాళ్ళు వచ్చిన్రు జెండాలు పట్టుకుని, కంపెనీలు బందు పెట్టున్రి అని, వాళ్ళల్ల శివ ఉన్నడు. గేటుకు ఈ దిక్కు కర్రలు అడ్డం పట్టుకుని వరుసగ నిలబడ్డోళ్ళల్ల నాయిన ఉన్నడు. సరిత నాలుగో అంతస్తు అద్దంలకెల్లి చూసింది. ఇద్దరి నడుమ మూరెడు జాగ. నాయిన కర్ర అడ్డం పెట్టి నెట్టిండు, అందరిని నెట్టినట్టే కొడుకును కూడ నెట్టిండు, శివ జెండా కింద పడ్డది, వంగి తీసుకున్నడు. పక్కన ఒంగోలు పిల్ల, కర్నూలు పిల్ల భయం భయంగ చూస్తున్నరు, మన కారద్దాలు పగలగొడతారేమో అంటున్నరు. ఆ గుంపుల ఉన్నది నా తమ్ముడు అని సరిత అనలేదు, కర్ర పట్టుకున్నాయన నా తండ్రి అని అసలే అనలేదు. పోయి సీట్ల కూసుని పెడల్ తొక్కింది.

సాయంత్రం ఇంట్ల లొల్లి. సూపర్‌వైజరు ఫోన్ల అందరి ఫొటోలు తీసిండు, పోలీసోళ్ళకిస్తడు, కేసు పడితే నీ కానిస్టేబుల్ నౌకరి ఏమైతది, రేపు తెలంగాణ వచ్చినా నీకు నౌకరి రాదురా అన్నడు నాయిన. రెండేండ్ల నుంచి ఆ పరీక్షకే చదువుతున్నడు శివ, స్టేషన్ పక్క గ్రౌండుల రోజూ ఉరుకుతడు. ఆ గేటు లోపట మనోళ్ళు ఎవలున్నరు నాయినా, ఊడ్చేటోళ్ళు, కార్లు తోలేటోళ్ళు, నీ అసొంటి కాపలోళ్ళు, వాళ్ళ కార్లకు సలాం కొట్టి కొట్టి నీకు సిగ్గు పోయింది అన్నడు వాడు. లోపట అక్క కూడ ఉన్నది గదరా అని సరిత అనాల్సింది, అనలేదు. నాయినకు సిగ్గు లేదా, అరవై తొమ్మిదిల పదేండ్ల పిలగాడు, పెద్దోళ్ళ ఎంట ఉరికి లాఠీ దెబ్బ తిన్నోడు, ఇంటి దర్వాజ మీద జై తెలంగాణ కాగితం అంటించింది ఎవలు, ఆయనే. డ్యూటీ కర్ర అప్పటికి ఆయన చేతులనే ఉన్నది. ఒక్క దెబ్బ, ఎడమ చెవికి జర పైన. చప్పుడు పెద్దగ రాలేదు, రక్తం చుక్క రాలేదు. శివ గోడకు ఆనుకుని నవ్విండు. నాయిన కర్రను మూలకు పెట్టి, చెప్పులు కూడ వేసుకోకుంట బయటకు నడిచిండు.

అప్పుడు సరిత ఏం చేసింది. వాని ముందర కూసుని, రోజూ చెవులల్ల వినే డాక్టర్ల లెక్కనే అడిగింది, నొప్పి ఎంత ఉన్నదిరా, పదిల ఎంత చెప్పు. రెండు అన్నడు. రాసుకో అక్కా, పదిల రెండు. మూడు దాంక మైల్డ్, నాలుగు నుంచి ఆరు మోడరేట్, ఏడు దాటితే సివియర్, ఈ పట్టీ నిద్రల లేపి అడిగినా చెప్తది సరిత. రెండు అన్నడు గనుక మైల్డ్ అని మనసుల ఒక గడి నింపి పక్కకు పెట్టింది. నీళ్ళల్ల వేస్తే పొంగే తలనొప్పి మాత్రను గిలాసల వేసి తాపింది. బుధవారం పొద్దున మళ్ళ అడిగింది, మూడు అన్నడు, ఇంకో మాత్ర ఇచ్చి డ్యూటీకి పోయింది. సాయంత్రం ఇంకోటి తాపింది, అప్పుడు కూడ మూడే అన్నడు, కాని లైటు వద్దు, కండ్లు గుంజుతున్నయి అన్నడు, బువ్వ ముట్టలేదు, మాటకు మాటకు నడుమ సందు వచ్చింది. అమ్మ ఉంటే నంబరు అడిగేదా, అక్షరం ముక్క రాని అమ్మ వాని ముఖం చూసేది, తల రెండు చేతులల్లకు తీసుకునేది, నడువురా దవాఖానకు అని రెక్క పట్టి గుంజుకపోయేది. చదువుకున్న అక్క నంబరు అడిగింది, వాడు చెప్పింది రాసుకున్నది. తలకు దెబ్బ తగిలి, ఒకటి రెండు రోజులు మంచిగనే మాట్లాడి, తర్వాత ఒక్కసారే పడిపోయినోళ్ళ రిపోర్టులు ఎన్ని టైపు కొట్టలేదు ఆమె. వేళ్ళకు తెల్సింది తలకాయకు ఎక్కలేదా. ఎందుకు పరేషాన్ చేసుకోవాలె, దెబ్బ కొట్టింది నాయిన, బయటికి పోతే పది మందికి తెలుస్తది అని లోపల ఎక్కడనో అనుకున్నదా. అనుకున్నది. ఒప్పుకోవాలె, అనుకున్నది.

ఇయ్యాల డ్యూటీ దిగి రెండు దాటినంక ఇంటికొస్తే బాత్రూంల పడి ఉన్నడు, వాంతి, అర తెరిచిన కన్ను, పిలిస్తే మూలుగు. దవాఖానకొచ్చినంక డాక్టరమ్మ అడిగింది, ఎలా జరిగింది. ఆమె కోటు మీద డాక్టర్ భార్గవి అని ఉన్నది, సరిత ఈడు ఉంటది, మాట రాయలసీమ దిక్కుది. నాయిన సరిత దిక్కు చూసిండు, జవాబు నువ్వే చెప్పు అన్నట్టు కాదు, నీ ఇష్టం అన్నట్టు. సరిత ఫారం గుంజుకుని మంచి ఇంగ్లీషుల రాసింది, మధ్యాహ్నం రెండుంబావుకు బాత్రూంలో పడిపోయి కనిపించాడు. ప్రతి అక్షరం నిజమే, చలపతిరావు సారు దిద్దినా ఒక్క తప్పు దొరకదు. ఏమైనా మందులు వాడుతున్నాడా అని అడిగింది డాక్టరమ్మ, లేదు అన్నది సరిత, ఇరవై రెండేండ్ల పిలగానికి షుగరా బీపీయా. సరే, పోలీసు కానిస్టేబుల్ ఐదింటికి వస్తాడు, ఇలాంటి కేసుల్లో రాసుకుంటారు, ఇదే చెప్పండి అన్నది. ఇదే చెప్తే అయిపోతది. నాయిన చేతులకు బేడీలు పడవు, ఏజెన్సీ నుంచి తీసెయ్యరు, అమ్మకు జీవితమంతా ఒకే ఇంట్ల ఇద్దరిని చూసుకుంట కొట్టినోడు, తిన్నోడు అనుకునే బాధ ఉండదు. శివ లేస్తే వాడు కూడ చెప్పడు, జర తగిలింది అంటడు. లేస్తే. డాక్టరమ్మ వాని ఛాతి నొక్కి చూసి పదిహేనుల ఏడు అన్నది. ఆ పట్టీ కూడ సరితకు తెల్సు, తెలివి లెక్క, పదమూడు గాని అంతకు పైన గాని ఉంటే మైల్డ్, తొమ్మిది దాంక మోడరేట్, ఎనిమిది గాని అంతకు కింద గాని సివియర్. నొప్పి లెక్కల పైకి పోతే సివియర్, తెలివి లెక్కల కిందికి పోతే సివియర్.

టైము నాలుగున్నర. ఖాళీగ కూసుంటే ఆమె తలకాయ తనంత తానే పని చేస్తది, ఇప్పుడు కూడ చేస్తున్నది, పెద్ద డాక్టరు వచ్చి శివ గురించి ఏం చెప్తడో ముందే టైపు కొడుతున్నది. పేషెంటు ఇరవై రెండేండ్ల మగ మనిషి. కంప్లైంటు, తెలివి లేకుండ పడిపోవుడు. ఎట్ల జరిగింది, బాత్రూంల. పాత జబ్బులు, లేవు. పాత ఆపరేషన్లు, లేవు. అలర్జీలు, లేవు. వాడే మందులు, లేవు. లేవు. వేళ్ళు ఆడ ఆగినయి. చెవుల ఒక ముక్కు గొంతు వినబడ్డది, తలకాయ ఆపరేషన్లు చేసే ఒక ముసలి డాక్టరు, రెండేండ్లు ఆయన రిపోర్టులన్నీ ఆమెనే కొట్టింది, ఆయన ఏ రోగి గురించి చెప్పినా మందులు అన్న కాడ ఆగి, నిమ్మళంగ, ఒక్కొక్క అక్షరం విడిచి విడిచి ఆస్పిరిన్ వాడుతున్నాడు అనో వాడటం లేదు అనో తప్పక చెప్పేటోడు. వాడితే ఆపరేషన్ల రక్తం ఆగది. గడ్డకట్టది. కోసేటందుకు ముందే రక్తం గడ్డకట్టించే ప్లేట్లెట్లు ఎక్కియ్యాలె. తలనొప్పి మాత్ర. నీళ్ళల్ల వేస్తే పొంగేది. అది ఆస్పిరినే. మంగళవారం ఒకటి, బుధవారం రెండు, ఇయ్యాల పొద్దున ఒకటి, తర్వాత వాడే ఇంకెన్ని వేసుకున్నడో, బాత్రూం పక్క కిటికీల మాత్రల పట్టీ మొత్తం ఖాళీగ ఉన్నది, వాన్ని లేపుకుంట సరిత చూసింది, చూసి చూడనట్టు ఆటో కోసం ఉరికింది.

చెప్పాలె. మాత్రలిచ్చిన అని చెప్పాలె. చెప్తే ఎందుకిచ్చినవని అడుగుతరు, రెండ్రోజుల నుంచి తల ఎందుకు నొచ్చిందని అడుగుతరు. ఏదో జ్వరం అని చెప్తే. పంటి నొప్పి అని చెప్తే. మాత్ర సంగతి చెప్పి దెబ్బ సంగతి దాస్తే. దాస్తే తలల కట్టిన రక్తపు గడ్డ ఎప్పటిదో తెల్వక వాళ్ళు ఏం కోస్తరో, ఎక్కడ కోస్తరో. ఇంక ఎంత దాస్తవే, సగం నిజంతోనే వాన్ని ఇక్కడిదాంక తెచ్చినవు అని తన్ను తాను తిట్టుకున్నది.

"నాయినా," అన్నది. "శివకు నేను మాత్రలిచ్చిన. మంగళారం నుంచి."

"ఏం మాత్రలు?"

"తలనొప్పియి. అవి వేసుకున్నోళ్ళకు కోస్తే రక్తం ఆగది. డాక్టరమ్మకు చెప్పాలె. చెప్తే మొత్తం చెప్పాల్సొస్తది."

యాదయ్య టోపీని ఒళ్ళెకెల్లి తీసి పక్క కుర్చీల పెట్టిండు.

"చెప్తే బతుకుతడా?"

బతుకుతడు అనొచ్చు. ఆ ఒక్క మాట అంటే ఆయనకు ఎంత సులువైతది, తనకు ఎంత సులువైతది. కాని డాక్టర్లు అనని మాటను ఐదేండ్లల్ల ఒక్కసారి రాసి ఎరుగదు సరిత, వినబడని కాడ ఖాళీ గీత గీసి వదిలిపెట్టుడే నేర్చుకున్నది.

"తెల్వదు నాయినా."

"చెప్పకుంటే?"

"తెల్వదు."

"మరి ఇంక కూసున్నవేంది బిడ్డా, పో."

సరిత గాజు తలుపు నెట్టుకుని పోయింది. కర్రతోని తలకు దెబ్బ, మంగళవారం సాయంత్రం ఆరింటికి, ఎడమ చెవి పైన, తెలివి తప్పలేదు, వాంతి బుధవారం లేదు ఇయ్యాలనే, ఆస్పిరిన్ నాలుగు నేనిచ్చిన, ఇంక వాడు వేసుకున్నయి తెల్వదు. ఆగకుంట చెప్పింది, రిపోర్టు చదివినట్టే చెప్పింది, అట్ల చెప్పగలిగినందుకు తన మీద తనకే అసహ్యం పుట్టింది. డాక్టరమ్మ కలం ఆపి ఆమెను చూసింది. మీరు మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లో కదా చేసేది, నేనడిగినప్పుడే ఎందుకు చెప్పలేదు అన్నది. ఎవరు కొట్టారని అడుగలేదు, ఫోన్ అందుకుని ప్లేట్లెట్లు కావాలి, ఇప్పుడే కావాలి, రోడ్లు బందయితే బైకు మీద పంపండి అని బ్లడ్ బ్యాంకోళ్ళ మీద అరుస్తున్నది.

సరిత బయటికి వచ్చి కూసున్నది. ఏమన్నది అని నాయిన అడిగిండు. రక్తం తెప్పిస్తున్నది. నన్నేమన్నది. నిన్నేమీ అనలేదు నాయినా. ఆయన తల ఊపిండు, ఏమన్న అంటే బాగుండు అన్నడు, మెల్లగ, తనకు తానే చెప్పుకున్నట్టు. బయట రోడ్డు మీద డప్పులు కొట్టుకుంట గుంపు ఒకటి పోతున్నది, జై తెలంగాణ అంటున్నరు, ఆ అరుపు దగ్గరికొచ్చి, దవాఖాన ముందర జర తగ్గి, అవతలికి పోయింది. ఐదు కొట్టంగ పెద్ద డాక్టరు వచ్చిండు, సగం తొవ్వ ఎవరి బండి మీదనో వచ్చిండట, షర్టంత చెమట, ఎవరి దిక్కూ చూడకుంట లోపలికి ఉరికిండు. ఆయన వెనకాలనే డాక్టరమ్మ కాగితం పట్టుకుని వచ్చింది, తండ్రి సంతకం పెట్టాలి, అది కాగానే తీసుకెళ్తాం అన్నది.

చదువు అన్నడు యాదయ్య. అంతా ఇంగ్లీషే. మూడో లైనుల సివియర్ అన్న ఆ మాట మళ్ళ ఉన్నది, బ్లీడింగ్ ముందర, సరిత దాని మీద ఆగలేదు. తల తెరిచేటప్పుడు రక్తం మస్తు పోవచ్చు అన్నది, ఆగకపోవచ్చు, పేషెంటు చనిపోవచ్చు, బతికినా మాట రాకపోవచ్చు, మనుషులను గుర్తుపట్టకపోవచ్చు. ఇవన్నీ మాకు చెప్పిన్రు. ఏమైనా దవాఖానకు గాని డాక్టర్లకు గాని బాధ్యత లేదు.

"వాళ్ళకెందుకుంటది," అన్నడు యాదయ్య. "నాది అని రాయి."

"అట్ల రాయరు నాయినా. ఇది పోలీసోళ్ళు కూడ చూస్తరు."

"చూడనీ. నేనే కొట్టిన అని రాయి, నాది అని రాయి."

కలం సరిత చేతుల ఉన్నది. సంతకం చోటు కింద కొంచెం జాగ ఉన్నది. ఆ ఇంగ్లీషు కాగితం మీద తెలుగుల రాసింది, మంగళవారం నాడు నా కొడుకు తల మీద నేనే కర్రతో కొట్టిన, వానికి ఏమైనా బాధ్యత నాది, యాదయ్య. నాయిన దాని కింద సంతకం పెట్టిండు, ఒక్కొక్క అక్షరం ఒత్తి ఒత్తి. డాక్టరమ్మ చదివింది. లోపట స్ట్రెచర్ చక్రాల చప్పుడు మొదలైంది. ఆమె గొంతు తగ్గించి, ఇది ఈ ఫారంలో అవసరం లేదండీ, కొట్టేయండి, కానిస్టేబుల్ ఇంకా రాలేదు, వచ్చాక ఏం చెప్పుకుంటారో మీ ఇష్టం అన్నది.

"నాకు అవసరమున్నదమ్మా," అన్నడు యాదయ్య. "ఉండనీ."

ఆమె కాగితం తీసుకుని లోపలికి పోయింది.